పిట్ట రెట్టలాంటి పురుగు, కంపు కొట్టిన శనగలు: చిన్నపిల్లల ప్రకృతి పనుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

తొలకరి పడిందంటే ఈ శీర్షికకు పురుగుల మీదా మొలకల మీదా ఉత్తరాలు ఎక్కువవుతాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలతో ఇంట్లోనే ఏం చేయించవచ్చు, చేయించినవి ఎందుకు చెడిపోయాయి అని అడిగినవాటిని ఈసారి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. చెడిపోయిన సంగతులు రాసినవాటికే ముందు చోటిచ్చాం.

మా కుండీలో కరివేపాకునంతా పురుగులు తినేస్తున్నాయండీ. చూస్తే పిట్ట రెట్టలా ఉన్నాయి. మందు కొడదామంటే అయిదేళ్ల మనవరాలు ఏడుస్తోంది, పెంచుకుంటానంటోంది. కిందటేడు ఇలాగే ఒకదాన్ని స్వీట్ల డబ్బాలో పెడితే మూడో రోజుకి నల్లబడి నీరైపోయింది. ఈసారి ఏం చెయ్యాలి?
— కాకినాడ నుంచి ఒక అమ్మమ్మ

మనవరాలి మాటే నెగ్గనివ్వండి అమ్మమ్మగారూ. కరివేపాకు, నిమ్మ, దబ్బ, మారేడు ఒకే కుటుంబం మొక్కలు. వాటి మీద రెట్టలా కనిపించేవి మామూలుగా రెండు రకాల సీతాకోకచిలుకల పిల్లలు. ఒకటి నల్ల రెక్కల నిండా లేత పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక, రెండోది నల్ల రెక్కకు అడ్డంగా తెల్లచుక్కల వరసుండేది. పక్షి తన రెట్టను తాను తినదు కదా, అందుకే ఆ వేషం. నాలుగుసార్లు కుబుసం విడిచాక వేషం మార్చి ఆకుపచ్చగా తయారవుతుంది. గొంగళి అని పిలుస్తున్నామే గాని దీని ఒంటి మీద వెంట్రుక ఉండదు, ముట్టుకున్నా దురద రాదు. కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటపెట్టి కుళ్లిన పండు వాసన కొడుతుంది. బెదిరించడమే తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఒంటి నిండా బొచ్చున్న కంబళిపురుగుల్ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. వాటి వెంట్రుకలు గుచ్చుకుంటే దద్దుర్లు లేస్తాయి.

కిందటేడు పురుగును చంపింది తడి. మూత బిగించిన డబ్బాలో ఆకుల చెమ్మ బయటికి పోదు. ఆ చెమ్మలో పురుగు పెంట నాని బూజు పడుతుంది, రోగం పుడుతుంది. కడిగిన ఆకును ఆరకుండా వేసినా ఇదే గతి. ఒకటి నల్లబడి కారిపోతే దాంతో ఉన్న మిగతావీ పోతాయి. ఆ డబ్బాను సబ్బుతో కడిగి ఎండలో పెట్టకుండా మళ్లీ వాడకూడదు.

ఈసారి రెండు మూడు లీటర్లు పట్టే వెడల్పు మూతి సీసా తీసుకోండి. మూత బదులు పాత దోమతెర ముక్క కప్పి రబ్బరు బ్యాండు వెయ్యండి. అడుగున న్యూస్‌పేపరు పరవండి. దగ్గుమందు సీసాను శుభ్రంగా కడిగి నీళ్లు పోసి అందులో కరివేపాకు రెమ్మ గుచ్చండి. సీసా మూతి చుట్టూ దూది కుక్కడం మరిచిపోవద్దు. లేకపోతే పురుగు కాడ పట్టుకుని దిగి నీళ్లలో పడుతుంది. ఆకు మీ కుండీదే కావాలి. బజారు కరివేపాకు మీద మందుల అవశేషాలుంటాయి, మనం వంటకు కడిగినట్టు కడిగినా పురుగుకి చాలదు. సీసాను ఎండ తగలని చోట పెట్టండి. ఒక సీసాలో రెండే పురుగులు. మిగతావాటిని మొక్క మీదే వదిలేయండి, మొక్క మరీ చిన్నదైతే పక్కింటి నిమ్మచెట్టుకు మార్చండి. చివరి అయిదారు రోజుల్లో వీటి ఆకలి చూస్తే మీకే కంగారు పుడుతుంది.

మనవరాలికి రోజూ రెండు పనులు. పొద్దున్నే అడుగు కాగితం మార్చాలి. తరవాత పురుగు పక్కన చీపురుపుల్ల పెట్టి, దాని పొడవుకు విరిచి, అట్ట మీద అంటించాలి. మర్నాడు దాని పక్కనే ఇంకో పుల్ల. అంకెలు రాని పిల్లకు కూడా పది రోజులకు మెట్లలా పెరిగిన పుల్లల వరస కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లుండేది చివరికి నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మధ్యలో ఒక్కోసారి రోజంతా కదలదు, తినదు. చచ్చిందనుకుని పారెయ్యకండి, కుబుసం విడవబోతోంది. అప్పుడు వేలు పెట్టి కదపకూడదు. ఆకు మార్చాల్సి వస్తే అది పట్టుకున్న ఆకును అలాగే ఉంచి పక్కన కొత్త రెమ్మ పెట్టండి.

గుడ్డు మూడు నాలుగు రోజులు, పురుగు రెండు వారాలు, ప్యూపా (పురుగు చిలుకగా మారేదాకా తినకుండా, కదలకుండా ఉండే దశ) ఎనిమిది నుంచి పది రోజులు. వానాకాలం వేడికి మొత్తం నెలలోపే అయిపోతుంది. ప్యూపాగా మారే ముందు పురుగు ఒకసారి పల్చగా విసర్జించి, ఆకులు వదిలేసి సీసా అంతా తిరుగుతుంది. అప్పటికి లోపల ఒక గరుకు పుల్ల నిలువుగా ఉండాలి. దాని మీద పట్టుదారం అల్లుకుని, నడుముకు మొలతాడులా ఒక పోగు కట్టుకుని ఆనుకుంటుంది. ఈ పుల్లే ప్రాణం. చిలుక బయటికి రాగానే పైకి పాకి, నలిగిన రెక్కలను కిందికి వేలాడదీసి సాగదీసుకోవాలి. నున్నటి ప్లాస్టిక్ గోడకు కాళ్లు ఆనవు, జారి పడుతుంది, ఆ రెక్కలు ముడతపడి ఆరిపోతాయి. ఆ తరవాత ఎవరూ సరిచెయ్యలేరు.

ప్యూపా నల్లబడి రెక్కల మచ్చలు బయటికి కనిపించాయంటే చాలావరకు మర్నాడు పొద్దున్నే వస్తుంది. వచ్చాక కాగితం మీద రంగు నీటి చుక్క రాలుతుంది, నెత్తురేమో అని పిల్ల భయపడకుండా ముందే చెప్పండి. రెండు గంటలు ఆరనిచ్చి, వాన లేనప్పుడు మొక్క దగ్గర వదలండి. ఒక్కోసారి ప్యూపాలోంచి చిలుక బదులు ఈగో, సన్నటి కందిరీగో వస్తుంది. అవి పురుగు ఒంట్లో ముందే గుడ్లు పెట్టేసి ఉంటాయి. ఉన్నమాటే మనవరాలికి చెప్పండి, దాచాల్సిన పని లేదు. గుడ్డుగా ఉన్నప్పుడే, అంటే లేత ఆకు మీద ఆవగింజంత లేతపసుపు గుండుగా కనిపించినప్పుడే ఇంట్లోకి తెస్తే ఈ బెడద తక్కువ.

ఇక్కడ మా పెరట్లో సోయికూర మీద ఆకుపచ్చ, నలుపు పట్టీలున్న పురుగులు కనిపించాయి. పాప ఒకదాన్ని అక్టోబర్‌లో డబ్బాలో పెట్టింది. ప్యూపా అయింది కానీ నెల దాటినా ఏమీ రాలేదు. చనిపోయిందా?
— డాలస్ నుంచి ఒక నాన్న

పారెయ్యకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది బ్లాక్ స్వాలోటెయిల్. సోయికూర, సోంపు, పార్స్‌లీ దాని తిండి. అక్కడ శరత్కాలంలో ప్యూపా అయినది చలికాలమంతా అలాగే ఉండి వసంతంలోనే బయటికి వస్తుంది. తప్పు జరిగేదెక్కడంటే, హీటర్ ఉన్న గదిలో పెడితే జనవరిలో వచ్చేస్తుంది, బయట పువ్వుండదు. వాన పడని, ఎండ తగలని చోట, వేడి లేని గరాజులోనో వరండాలోనో పెట్టండి. ప్యూపా తేలికై బెండులా అయిపోతేనో, చిన్న రంధ్రం పడితేనో ఆశ వదులుకోవచ్చు. ఇంకొక్క మాట, వేరే ఊళ్లలోని బంధువులకు కరివేపాకు మొక్కలు పోస్టులో పంపుకునేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే ఒక చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి అక్కడ దాని రవాణాకు ఆంక్షలున్నాయి. చూసుకుని పంపండి.

నాలుగేళ్ల బాబుతో తడిగుడ్డలో బియ్యం, పెసరపప్పు మొలకెత్తించాలని చూశాం, రాలేదు. శనగలు నీళ్లలో వేస్తే రెండో రోజుకి భరించలేని కంపు. ధనియాలు చల్లి పది రోజులైంది, ఒక్కటీ లేవలేదు.
— నిజామాబాద్ నుంచి ఒక అమ్మ

మూడింటికీ మూడు వేరు వేరు కారణాలండి. గింజలో మొలకగా మారేది మూలనున్న చిన్న ముక్క. పప్పుగా పగలగొట్టినప్పుడు అది ఊడిపోతుంది, లేదా విరుగుతుంది. బియ్యాన్ని మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు తవుడుతో పాటే పోతుంది. మినపగుళ్లు చూడ్డానికి నిండు గింజలే అయినా మిషన్లో పొట్టు తీసేటప్పుడు చాలావాటికి మొలక భాగం దెబ్బతింటుంది. కాబట్టి పొట్టుతో ఉన్న పెసలు, మినుములు, వడ్లు వెయ్యండి. వీలైతే పెసలు, పెసరపప్పు పక్కపక్కన పెట్టి చూపించండి. ఏది లేస్తుందో బాబే చెబుతాడు.

శనగల కంపుకు కారణం మునిగిపోవడం. గింజకు మనలాగే గాలి కావాలి. ఎనిమిది గంటలు నానాక నీళ్లు పూర్తిగా వంపెయ్యాలి, ఆ తరవాత చెమ్మ చాలు. చిన్నపిల్లలకు గుడ్డ మూటకన్నా గాజు గ్లాసు మేలు, వేరు రావడం కళ్లకు కనిపిస్తుంది. గ్లాసులో లోపలి గోడకు ఆనేట్టు న్యూస్‌పేపరును రెండు మూడు మడతలు చుట్టి పెట్టండి. మధ్యలో ఇంకొంచెం కాగితం కుక్కితే జారదు. రాత్రి నానిన బొబ్బర్లు నాలుగైదు తీసుకుని గాజుకీ కాగితానికీ మధ్య, గ్లాసు సగం ఎత్తులో, దూరదూరంగా ఇరికించండి. అడుగున వేలెడు మందం కూడా కాదు, ఒక సెంటీమీటరు నీళ్లు. కాగితం పీల్చుకుని పైకి అందిస్తుంది. నీళ్లు గింజను ముట్టుకోకూడదు, అదొక్కటే నియమం. రెండు రోజులకు వేరు, అయిదో రోజుకు వంగిన మెడతో మొలక లేస్తాయి. బొబ్బర్లే ఎందుకంటే గింజ పెద్దది, త్వరగా వస్తుంది, బూజు తక్కువ. పెసలు ఇంకా త్వరగా వస్తాయి గాని వేలికి దొరకవు.

వేరు ఒక అంగుళం అయ్యాక మిగిలిన నీళ్లు వంపి, గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి కాగితాన్ని చెంచాతో తడుపుతూ ఉండండి. ఒక రోజులో వేరు కొస కిందికి తిరుగుతుంది. మళ్లీ ఇంకోవైపు తిప్పితే మళ్లీ వంగుతుంది. ఇంకో గ్లాసును బీరువాలో పెట్టి వారం తరవాత తీస్తే పాలిపోయిన పసుపు మొక్క, వెలుగులో ఉన్నదానికన్నా రెట్టింపు పొడవుతో కనిపిస్తుంది. వెలుగు కోసం ఎగబాకిందన్నమాట.

ధనియాల సంగతి వేరు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, పైన గట్టి పెంకు. అప్పడాల కర్రతో నలిపీ నలపనట్టు దొర్లించి రెండుగా విడదీసి, రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున వెయ్యండి. అలా వేసినా ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఎండాకాలం వేడికి ఇంకా మొండికేస్తుంది. నాలుగేళ్లవాడు అంతకాలం ఆగడు, అందుకని అదే కుండీలో సగం మెంతులు చల్లండి. మూడో రోజుకి మెంతి లేస్తుంది, వాడి ఆత్రం తీరుతుంది, ధనియాలు తీరిగ్గా వస్తాయి. విత్తనాల షాపులో దొరికే గులాబీ రంగు పూసిన గింజలు పిల్లల చేతికి ఇవ్వద్దు. అది బూజు మందు.

హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. పిచ్చుకలకని గింజలు పోస్తే పావురాలు దిగుతున్నాయి. బాల్కనీ అంతా రెట్టలు. పాపకి పిచ్చుకల్ని చూపించే మార్గం ఉందా?

ఉంది, పళ్లెంలో గింజలు పొయ్యడం మాత్రం ఈ రోజే ఆపాలి. ఎండిన పావురాల రెట్ట ధూళి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు, పసిపిల్లలకు అసలే కాదు. రెట్టల్ని తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పెద్దవాళ్లే తియ్యాలి.

పళ్లెం బదులు వరి కంకుల కుచ్చు కట్టండి. కోస్తా ఊళ్లలో గుళ్లోనూ వసారాలోనూ పిచ్చుకల కోసం వేలాడదీసేది ఇదే. ముప్పై నలభై కంకుల్ని అడుగు పొడవు కాడలతో కోసి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కాడల దగ్గర పురికొసతో బిగించి, కంకులు కిందికి వచ్చేట్టు సన్నటి తీగకు కట్టాలి. కుచ్చు ఊగాలి, కిటుకంతా అందులోనే ఉంది. బరువైన పావురానికి ఊగే కంకి మీద కాలు నిలవదు, పిచ్చుక తలకిందులుగా వేలాడైనా తింటుంది. ఊరి నుంచి కంకులు దొరక్కపోతే కొర్ర కంకులో సజ్జ కంకులో కట్టండి.

నీళ్లకు మట్టి మూకుడు, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు, మధ్యలో ఒక రాయి. రోజూ నీళ్లు పారబోయడం ఒక్కటే చాలదు, గోడల్ని కొబ్బరిపీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా బతుకుతాయి. ఈ రుద్దే పని పాపకివ్వండి. మిక్చరు, ఉప్పేసిన అన్నం వద్దు.

గూడు పెట్టె కడతారా? ప్రవేశం 32 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్ల కన్నా కాస్త పెద్దది. అంతకు మించితే గోరింకలు ఆక్రమిస్తాయి. నేల అరచేతి వెడల్పు చాలు. ముందు పుల్ల బిగించకండి, అది పిచ్చుకకు అక్కర్లేదు, కాకికి కూర్చునే చోటవుతుంది. ఎనిమిది పది అడుగుల ఎత్తున, మధ్యాహ్నపు ఎండ పడని గోడకు, సీలింగ్ ఫ్యానుకు దూరంగా కట్టండి. మీ చుట్టుపక్కల పిచ్చుకలే లేకపోతే పెట్టె కట్టినంత మాత్రాన రావు. ముందు నాలుగు రోజులు పొద్దున్న పది నిమిషాలు కూర్చుని, కనిపించిన ప్రతి పిచ్చుకకూ పాప చేత ఒక చింతగింజ గిన్నెలో వేయించండి. గిన్నె ఖాళీగా ఉంటే కుచ్చుతో సరిపెట్టుకుని బుల్బుళ్లనీ ఉడతల్నీ లెక్కపెట్టుకోండి.

వాన పడగానే పిల్లలు ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాస్తున్నారు. రెండు రోజుల్లో చచ్చిపోతున్నాయి. ఏం పెట్టాలి?
— వరంగల్ నుంచి

ఏం పెట్టినా బతకవండి, దాచకుండా చూడటమే దారి. అది గడ్డి తినదు. చెదల్లాంటి చిన్న ప్రాణుల్నీ పురుగుల గుడ్లనీ తింటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే ఉండి, ఆరుద్ర కార్తె వానలకు కొద్ది రోజులు బయటికి వస్తుంది. అగ్గిపెట్టెలో చెమ్మ ఆరగానే పోతుంది. స్టీలు పళ్లెంలో తడిమట్టి పరిచి, ఆకుతో ఎత్తి అందులో పెట్టి, పది నిమిషాలు చూడనివ్వండి. కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది వస్తాయి. పురుగులకు ఆరే కదా అని ఏడేళ్లవాడు అడుగుతాడు. ఇది సాలెపురుగు చుట్టం, పేరుకే పురుగు. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకుంటుంది, కదలకుండా ఉంటే మళ్లీ నడుస్తుంది. తెచ్చిన చోటే వదలాలి.

బయటికి పోలేని వాన రోజున నాలుగేళ్ల పిల్లతో గంటసేపు చేయగలిగిందేమైనా చెప్పండి. రంగులంటే ఇష్టం.
— తెనాలి నుంచి

వంటింట్లోనే పని. చెంచాడు పసుపును నీళ్లతో పల్చగా కలిపి తెల్ల కాగితం మీద దూదితో పూసి, ఫ్యాను కింద ఆరబెట్టండి. బట్టల సబ్బును నీళ్లలో అరగదీసి, పుల్లకు దూది చుట్టి, ఆ నీళ్లతో పసుపు కాగితం మీద గీతలు గియ్యమనండి. తెల్లగా ఉన్న నీళ్లు తగిలిన చోట కాగితం ఎర్రబడుతుంది. పప్పు మరకపడ్డ చొక్కా మీద సబ్బు రుద్దగానే ఎర్రబడేది ఇందుకే, పసుపూ సున్నమూ కలిపితే పారాణి అయ్యేదీ ఇందుకే. ఇప్పుడు అదే గీత మీద నిమ్మరసం రాస్తే మళ్లీ పసుపు. వంటసోడాతో ఎరుపు అంతగా తేలదు, బట్టల సబ్బే వాడండి. సున్నం చిన్నపిల్లల దగ్గరికి రానివ్వద్దు, కంట్లో పడితే ప్రమాదం. ఆ కాగితాన్ని కిటికీలో ఎండకు పెడితే రెండు మూడు రోజుల్లో రంగు వెలుస్తుంది, ఎండకు పసుపు నిలవదు. మరక చొక్కాను ఎండలో ఆరేసేదీ అందుకే.

శంఖుపువ్వులుంటే ఇంకా బాగుంటుంది. నీలం రేకులు పది, అరగ్లాసు వేణ్నీళ్లలో అయిదు నిమిషాలు. ఈ పని మీదే. చల్లారాక నాలుగు గిన్నెల్లో పంచి, ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో చింతపండు పులుసు, ఒకదాంట్లో వంటసోడా చిటికెడు వేయించండి, నాలుగోది పోల్చుకోవడానికి అలాగే ఉంచండి. నిమ్మరసానికి ఊదా గులాబీ, సోడాకి ఆకుపచ్చ కలిసిన నీలం. ఎర్రమందారమైతే పులుపుకు ఇంకా ఎర్రబడి, సోడాకు ఆకుపచ్చగా మారుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే రంగు తేలిపోతుంది, చాలామంది చేసే తప్పు అదే.

రావి ఆకు జల్లెడ చెయ్యాలని నీళ్లలో నానేశాం. వారానికి రుద్దితే చిరిగింది. రెండోసారి నెల ఉంచితే వాసనకు ఇంట్లోవాళ్లు పారేశారు.
— అనంతపురం నుంచి

మొదటిసారి తొందరపడ్డారు. ఈనెల మధ్య కండ కుళ్లి వదులవడానికి మూడు నాలుగు వారాలు కావాలి. లేత ఆకు ఈనెలతో సహా చిరుగుతుంది, పండుటాకు పెళుసు. ముదురు ఆకుపచ్చవి ఎంచండి, పది వెయ్యండి, మూడు దక్కుతాయి. కుళ్లబెట్టేది నీటిలోని సూక్ష్మజీవులు కాబట్టి వాసన తప్పదు, మూతపెట్టిన బకెట్టును మేడ మీద ఉంచండి. వారానికొకసారి సగం నీళ్లే మార్చండి. అంతా మారిస్తే ఆ జీవులు పోయి పని వెనకబడుతుంది. వేలితో నొక్కితే పై పొర జారినప్పుడు ఆకును పళ్లెంలో వేసి, పల్చగా నీళ్లు పోసి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దకుండా తట్టాలి. కాడ నుంచి అంచుకు. కొస తోక దగ్గర వేలు ఆనించి పట్టుకోండి, అక్కడే తెగుతుంది. రెండు న్యూస్‌పేపర్ల మధ్య బరువు పెట్టి రాత్రంతా ఆరబెట్టండి. ఆరేళ్లు దాటినవాళ్లకే ఈ పని. ముగించగానే చేతులు సబ్బుతో కడిగించాలి.

మా రెండున్నరేళ్ల వాడు దొరికింది నోట్లో పెట్టుకుంటాడు. గింజలతో ఆడించవచ్చా?
— విశాఖపట్నం నుంచి

ఇప్పుడే వద్దు. పెసలు, బొబ్బర్లు, చింతగింజలు ఈ వయసులో ముక్కులోకీ చెవిలోకీ పోతాయి. తడి తగిలితే ఉబ్బి బిగుసుకుంటాయి. ఒక ముక్కులోంచే చెడువాసన చీమిడి వస్తుంటే ఏదో ఇరుక్కుందేమోనని అనుమానించాలి. వేలు, పిన్ను, నూనె, నీళ్లు ఏవీ వద్దు, డాక్టరు దగ్గరికే. వేరుశనగ గింజలు గొంతుకు అడ్డం పడతాయి.

ఇంట్లో అస్సలు ఉండకూడనివి గురివింద గింజలు, ఆముదం గింజలు. చూడముచ్చటగా ఉంటాయి, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. గురివిందల్ని దండలుగా గుచ్చడానికి రంధ్రం చేస్తే మరీ ప్రమాదం, పెంకు పగిలితే విషం సులువుగా బయటికి వస్తుంది. గన్నేరు, ఉమ్మెత్త ముట్టుకోనివ్వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ధారగా నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి. వీటిలో ఏదైనా నమిలాడని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి, ఆ గింజనో ఆకునో వెంట తీసుకెళ్లండి.

వాడికి పెద్ద వస్తువులివ్వండి. తీగ మీదే ఎండిన బీరకాయ ఒకటి చాలు. ఊపితే గలగలమంటుంది, నానబెట్టి తోలు ఒలిపిస్తే పీచు బయటపడుతుంది, గింజలు మీరు ముందే దులిపేయండి. బెండకాయను అడ్డంగా కోసి గోధుమపిండి, పసుపు కలిపిన నీళ్లలో ముంచి అచ్చులు వేయించండి. వాడు తిన్నా ఇబ్బంది లేదు.

భీమవరం నుంచి తాటిపళ్లు తెచ్చుకున్నాం. బెంగళూరు ఫ్లాటులో తేగలు పండించి పిల్లలకు చూపించవచ్చా?

చూపించవచ్చు, లోతు ఇస్తే. తాటిటెంక మొలక పైకి రాదు, ముందు నేలలోకి దిగుతుంది, అదే తేగ. మామూలు కుండీలో అడుగు తగిలి వంకరపోతుంది. సిమెంటు సంచిని కడిగి, అడుగున నాలుగు రంధ్రాలు పెట్టి, సగం ఇసుక సగం మట్టి వదులుగా నింపండి. రెండున్నర అడుగుల లోతు ఉండాలి. మట్టి గట్టిగా ఉంటే తేగ లావుగా, పొట్టిగా, నారగా వస్తుంది. గుజ్జు తీసేసిన టెంకలు మూడు పైన పరిచి, నాలుగు వేళ్ల మందం ఇసుక కప్పండి. చెమ్మ ఆరకుండా చూడండి, నీళ్లు మాత్రం నిలవకూడదు. చలికాలంలో బెంగళూరులో కాస్త ఆలస్యమవుతుంది.

నెల తరవాత ఒక టెంకను తీసి కత్తితో పెద్దవాళ్లు పగలగొట్టండి. వేసవిలో ముంజెగా తిన్నదే గట్టిపడి, ఇప్పుడు దాని నడుమ తెల్లటి మెత్తటి గుంజు పెరుగుతుంటుంది. మొలకకు అదే చద్దిమూట, పిల్లలు తినొచ్చు. మిగతా రెండింటినీ కదపకండి. భాద్రపదంలో పాతితే సంక్రాంతి నాటికి తియ్యొచ్చు. పట్టుకుని లాగితే విరుగుతుంది, సంచిని పక్కకు కోసి మట్టి రాల్చండి. కుక్కరులో ఉప్పేసి ఉడికించి, నిలువునా చీల్చి, మధ్యలోని చందమామను పిల్లల చేతే తీయించండి. అది రాబోయే తాటి మొక్క మొదటి ఆకు. పైకి ఆకు పొడుచుకొచ్చేదాకా ఆగితే తేగ పీచుపడిపోతుంది.